ఊరి బడికి తాళం

ఉప్పల్ నుండి నాచారం, మల్లాపూర్‌ల మీదుగా ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా చేరి, అక్కడి నుండి కీసరగుట్టకు పోవు బాట పట్టినచో నాగారం వచ్చును. శివరాత్రికి కీసర రామలింగేశ్వరుని దర్శించబోవు వారికి ఈ బాట చిరపరిచితమే. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఈ దిక్కున వెలసిన తరువాత నగరం ఒక్కొక్క అడుగు ముందుకు జరిగినది. చేలు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలనీలయినవి. కీసర మండలంలో గ్రామ పంచాయతీగా ఉండిన నాగారం 2018లో రాంపల్లితో కలిసి పురపాలక సంఘమైనది; 2025లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో చేర్చబడినది. ఉదయం ఏడున్నర గంటలకు ఆ బాట పక్కన నిలిచి చూచినచో ఊరు ఎక్కడ ముగిసినదో, పట్నం ఎక్కడ మొదలైనదో తెలియదు. కంటికి కనబడునవి పసుపుపచ్చని బడి బస్సులు. ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగును. మెడకు టై, వీపున బరువైన సంచి గల పిల్లలను ఎక్కించుకొని పోవును.

అటువంటి బస్సులో మా పిల్లలు కూడ పోవుచున్నారు. ఈ సంగతి మొదటనే చెప్పుకొనుట మంచిది. ఏలయనగా నేటి మా ప్రసంగం మూతపడుచున్న ఊరి బడులను గూర్చి. ఆ మూతలో మా చేయి కూడ ఉన్నదని ఒప్పుకొనక ఈ విషయం మాట్లాడుట న్యాయం కాదు.

మేము ఓనమాలు దిద్దిన బడి ఈ బాటకు చాల దూరాన, ఒక చిన్న పల్లెలో ఉన్నది. 1985 ప్రాంతంలో మేము పలక పట్టి ఆ గడప తొక్కినాము. పెంకుల కప్పు, ఒకే గది, ముందు ఒక వసారా, వాకిట వేపచెట్టు. చెట్టు కొమ్మకు వేలాడగట్టిన రైలుపట్టా ముక్కయే మా గంట. అయిదు తరగతులకు సారు ఒక్కరే. ఒకటవ తరగతికి అక్షరాలు వ్రాసి ఇచ్చి, మూడవ తరగతి చేత ఎక్కాలు అప్పజెప్పించుకొని, అయిదవ తరగతికి లెక్క చెప్పుటకు వసారాలోనికి పోయేవారు. ఆయన వసారాలో ఉన్నంతసేపు లోపలి చిన్నవారికి పెద్దవారే గురువులు. శనివారంనాడు బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి పలకలకు పూసి ఎండలో ఆరబెట్టుకొనేవారము. మేము పై తరగతికి వచ్చిన తరువాత రెండవ గది లేచినది. రెండవ ఉపాధ్యాయుడు కూడ వచ్చినారు. ఆనాడు ఊరంతటా పండుగ వంటి సంబరం.

కిందటేడు ఆ ఊరికి పోయినాము. బడికి తాళం వేసియున్నది. తాళం త్రుప్పు పట్టినది. వసారాలో ఎవరో వరిగడ్డి పేర్చినారు. కిటికీ సందున తొంగిచూడగా నల్లబల్ల గోడమీదనే ఉన్నది. దాని పైభాగాన వర్ణమాల సగం చెరిగి, సగం నిలిచి కనబడినది. వేపచెట్టు కింద కూర్చున్న ఒక ముసలమ్మను, "అమ్మా, బడి ఎప్పుడు పోయింది?" అని అడిగినాము. ఆమె మమ్ములను ఎగాదిగా చూచి, "బడి ఏడికి వోతది బిడ్డా, పోరగాండ్లు వోయిండ్రు గని" అన్నది.

ఆ మాట మమ్ములను చాల దినాలు వెన్నాడినది. ప్రభుత్వపు ఉత్తరువుతో బడి మూతపడునని మనం అనుకొందుము. నిజానికి ఉత్తరువు చిట్టచివర వచ్చును. అంతకు ముందే బడి ఒక్కొక్క బిడ్డ చొప్పున మూతపడియుండును.

పల్లెకు బడి కొత్త కాదు. బడి మూతపడుట కూడ కొత్త కాదు. రెండు వందల ఏండ్లనాటి ఒక లెక్క మన చేతిలో ఉన్నది. 1822లో చెన్నపట్నపు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నిటా దేశీయుల బడులెన్ని ఉన్నవో, అందు ఎందరు చదువుచున్నారో లెక్క తీయుడని కలెక్టర్లకు వ్రాసినారు. ఆ లెక్కలన్నియు చేరిన తరువాత 1826లో తేలినదేమనగా, చిన్న బడులు, పెద్ద విద్యాలయాలు కలిసి 12,498. చదువువారు 1,88,650 మంది. సుమారు వేయిమంది జనానికి ఒక బడి. సర్కారు పెట్టినవి కావవి. వీధి అరుగుమీద, గుడి మండపంలో, చెట్టు నీడన, పంతులు ఇంటి పంచలో ఊరివారే నడుపుకొన్న బడులు.

ఆ నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823లో పంపినది తెలుగువారు ప్రత్యేకంగా తెలిసికొనదగినది. నేటి అనంతపురం ప్రాంతం కూడ ఆనాటి బళ్ళారి జిల్లాలోనిదే. కాంప్‌బెల్ తెలుగు నేర్చి 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన వాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. వానిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. విద్యార్థులు మొత్తం 6,641 మంది. బడికి సగటున పన్నెండుగురు. ఈ పన్నెండు అను సంఖ్యను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పని పడును.

ఆ బడి తీరు కూడ ఆయన వ్రాసినారు. తెల్లవారి అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువ. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పేవారు. మా బడి వసారాలో జరిగినదియు అదే కదా!

కాని కాంప్‌బెల్ నివేదికలో మనసు కలచు మాట వేరొకటి ఉన్నది. ఒకప్పుడు బడులున్న పల్లెలు అనేకం నేడు బడి లేక ఉన్నవనియు, పెద్ద బడులున్న చోట్ల కలవారి పిల్లలు కొందరు తప్ప తక్కినవారు పేదరికం వలన రాలేకపోవుచున్నారనియు ఆయన వ్రాసినారు. సీమ నుండి దిగుమతియైన నూలు బట్టలు మన నేతగాండ్ర పనిని దెబ్బతీసినవని, పూర్వపు రాజులు విద్యకు ఇచ్చిన ఆదరణ కొత్త పాలనలో నిలువలేదని కారణాలు కూడ చూపినారు. అనగా రెండు వందల ఏండ్ల క్రిందట పంతులుకు ఇచ్చుకొనుటకు తల్లిదండ్రుల చేతిలో డబ్బు లేక ఊరి బడి మూతపడినది.

కృష్ణానదికి ఈవల, నిజాం రాజ్యంలో కథ మరియొక తీరున నడచినది. 1884లో పారశీకం స్థానే ఉర్దూ రాజభాష అయినది. పై చదువు, కొలువు ఆ భాషలోనే. పల్లెలోని తెలుగు బిడ్డకు తన నుడి పొలంలో పనికివచ్చినది గాని కచేరీలో పనికిరాలేదు. సర్కారు బడులు కొన్ని కసబాలలో ఉన్నను, చిన్న పల్లెకు ఖాంగీ పంతులే దిక్కు. అందుచేతనే తెలంగాణంలో బడి కోరుట, భాష కోరుట ఒక్కటే ఉద్యమమైనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశం జరిగినది. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు గ్రంథాలయాలకు, బాలికల చదువుకు జీవితం ధారపోసినారు. ఇంత జరిగినను 1951 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి పదిమంది కూడ లేరు. ఊరి బడి విలువ తెలియవలెనన్న ఈ లెక్క ఒక్కటి చాలును.

స్వతంత్ర భారత రాజ్యాంగం పది సంవత్సరాలలో పదునాలుగేండ్ల లోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య కల్పింప యత్నించవలెనని ఆదేశించినది. ఆ గడువు 1960లో ముగిసినది, పని ముగియలేదు. కాని పని ఆగలేదు కూడ. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడి ప్రాథమిక పాఠశాలలు వాని పాలనలోనికి వచ్చినవి. 1964 నుండి 1966 వరకు పని చేసిన కొఠారీ సంఘం మరియొక మేలైన భావన ముందుంచినది. ఒక వాడలోని పిల్లలు, ధనిక పేద భేదం లేక, ఆ వాడ బడిలోనే చదువవలెనన్నదే ఆ భావన. 1987లో నల్లబల్ల పథకం వచ్చినది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనన్నది దాని ఆశయం. మా బడికి రెండవ గది లేచినది ఆ కాలంలోనే. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించిన పిమ్మట 2003 జనవరి నుండి మన రాష్ట్రపు బడులలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైనది. 2002లో రాజ్యాంగ సవరణ వలన విద్య బాలల ప్రాథమిక హక్కు అయినది. ఆ హక్కును అమలుపరచు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైనది. అయిదవ తరగతి వరకు చదువు బిడ్డకు ఒక కిలోమీటరు లోపల బడి ఉండవలెను. అరువదిమంది లోపు పిల్లలున్నను ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. ఇది నియమం.

ఇంత కష్టపడి కట్టుకొన్నది ఎట్లు కూలుచున్నది? అది ఒక కూడిక తీసివేత లెక్క. ఊరిలో నలుబదిమంది పిల్లలున్న బడి ఉన్నదనుకొందము. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన ఇంటివారు తమ బిడ్డను బస్సు ఎక్కింతురు. వారిని చూచి పక్కింటివారు అప్పు చేసియైనను ఎక్కింతురు. పిల్లలు ఇరువదికి తగ్గుదురు. సర్దుబాటు పేరిట ఇద్దరు ఉపాధ్యాయులలో ఒకరు వేరొక బడికి పోవుదురు. మిగిలిన ఒక్కరికి అయిదు తరగతులు. మొదటి రెండు తరగతులకు మూడేసి, తక్కిన మూడు తరగతులకు నాలుగేసి పాఠ్యవిషయాలు. దినానికి పదునెనిమిది పాఠాలు. ఆ ఒక్కరు సెలవు పెట్టిననాడు బడికి సెలవే. ఇది చూచి మరి కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పింతురు. ఇరువది పన్నెండగును; పన్నెండు అయిదగును; అయిదు సున్న యగును. సున్న వచ్చిన తరువాత తాళం వేయుటకు ఉత్తరువుతో పని యేమున్నది?

కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం 2024–25 విద్యా సంవత్సరంలో ఒక్క విద్యార్థి కూడ లేని బడులు దేశంలో 7,993 ఉన్నవి. వానిలో పశ్చిమ బెంగాల్‌వి 3,812. రెండవ స్థానం మన తెలంగాణది, 2,245. ఆ ఏడే ఒకే ఉపాధ్యాయుడున్న బడుల లెక్కలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12,912. తెలుగువారి రెండు రాష్ట్రాలు ఈ రెండు పట్టికలలో ఇట్లు ముందుండుట గర్వకారణం కాదు. ఒక పట్టికలోనివి మూతపడిన బడులు. రెండవ పట్టికలోనివి ఆ దారిన పోగల బడులు.

చిత్రమేమనగా జనం తరిగిన చోట బడి మూతపడుచున్నది. జనం పెరిగిన చోటను మూతపడుచున్నది. వానలు లేక, పని లేక వలసపోయిన పల్లెలో పిల్లలే లేరు. పట్నపు అంచున ఉన్న ఊరిలో పిల్లలు వందల కొలది ఉన్నారు గాని వారు బస్సులో ఉన్నారు. ఆనాడు కాంప్‌బెల్ చూచిన బడులు డబ్బు లేక మూతపడినవి. నేటి బడులు ఇంటింటా కొద్దిగా డబ్బు చేరి మూతపడుచున్నవి.

తల్లిదండ్రులను తప్పుపట్టుటకు మేము ఈ మాట చెప్పుటలేదు. కూలి చేసికొను తల్లి తన బిడ్డ ఇంగ్లీషు నేర్చి కొలువు చేయవలెనని కోరుట తప్పా? తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో కూడ 2022–23 నుండి ఇంగ్లీషు మాధ్యమం వచ్చినది. 2022లోనే మన ఊరు – మన బడి అను కార్యక్రమం కింద బడుల మరమ్మతులు మొదలైనవి. కాని తరగతికొక గురువు ఉన్న బడిని, అయిదు తరగతులకు ఒక్క గురువు ఉన్న బడిని పక్కపక్కన చూచిన తల్లి దేనిని ఎన్నుకొనును? మేమును అట్లే ఎన్నుకొన్నాము.

చిన్న బడులను పెద్ద బడిలో కలుపుట మేలని వాదించువారు కూడ తెలివి లేనివారు కారు. తరగతికొక ఉపాధ్యాయుడు దొరకును. ఆటకు తోడు దొరకును. గ్రంథాలయం, ప్రయోగశాల దొరకును. ఈ వాదంలో సత్యం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వెలువడిన 117వ ఉత్తరువు మూడు, నాలుగు, అయిదు తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు చేర్చదలచినది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అనేక చోట్ల దానిని వ్యతిరేకించినారు. 2025లో ఆ ఉత్తరువు రద్దయినది. ఉత్తరువును రద్దుచేయుట ఒక సంతకంతో జరుగును. ఈ మూడేండ్లలో వేరొక బడికి అలవాటు పడిన బిడ్డను వెనుకకు తెచ్చుట సంతకంతో జరుగదు.

ఈ వాదాలలో తరచు మరుగునపడు బిడ్డ ఒకరున్నారు. బస్సుకు డబ్బు కట్టలేని ఇంటి బిడ్డ. తల్లి నాట్లకు పోగా చెల్లెలిని చంకనెత్తుకొని బడికి వచ్చు పిల్ల. ఇంటిలో కన్న బడిలోనే కడుపునిండ తిను పిల్లవాడు. నలుబదిమందిలో ముప్పదిఅయిదుగురు పోయిన తరువాత మిగులు అయిదుగురు వీరే. పోయినవారు పోవునపుడు తమతో ఉపాధ్యాయుని కూడ తీసికొనిపోయినారని వారికి తెలియదు. వీరికి మాత్రం తెలియును. బడి రెండు కిలోమీటర్ల అవతలికి పోయినచో, రవాణా భత్యం కాగితంమీద ఉన్నను, ఆరేండ్ల ఆడపిల్లను రహదారి దాటించి పంపుటకు ఏ తల్లికి మనసొప్పును? పెద్దవారికి రెండు కిలోమీటర్లు ఒక దూరం. ఆరేండ్ల పాదాలకు అదే చదువు మానుటకు కారణం. ఊరి బడి మొదటి గుణం భవనం కాదు, నల్లబల్ల కాదు. అది నడచి పోగలిగినంత దగ్గర ఉండుట.

బడులు మూతపడుట మన దేశంలోనే కాదు. జపానులో జననాలు తగ్గి, పల్లెలు ముసలివై, 2004 మొదలు ఇరువది ఏండ్లలో ఎనిమిది వేలకు పైగా ప్రభుత్వ పాఠశాలలు మూతపడినవి. కాని అక్కడ ఒక మంచి ఆచారం ఉన్నది. బడిని మూయునపుడు వీడ్కోలు సభ జరుపుదురు. పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు చేరి బడి పాటను కడసారి పాడుదురు. ఆ పిమ్మట ఆ భవనాలలో ఎక్కువ భాగం ఊరివారి ఉపయోగానికే మరలును. మన బడి మూతపడినపుడు ఎవరును రాలేదు. మేము కూడ పోలేదు. తాళపుచెవి ఎక్కడికి చేరినదో, హాజరుపట్టీలు ఏమైనవో ఊరిలో అడిగినను చెప్పినవారు లేరు. ఆ పట్టీలలో మా పేరు ఉన్నది. మా సారు ఎర్రసిరాతో వేసిన గుర్తులు ఉన్నవి. ఒక ఊరిలో మొదటిసారి చదువు నేర్చిన ఇండ్ల చరిత్ర ఉన్నది.

ఇక చేయదగినది ఏమి? సున్న వచ్చిన తరువాత మేలుకొనుట వలన ప్రయోజనం లేదు. పిల్లలు ఇరువదికి తగ్గిననాడే ఊరు మేలుకొనవలెను. చట్టం ఇమ్మన్న రెండవ ఉపాధ్యాయుని తీసివేయరాదని అడుగవలసినది అప్పుడే. పిల్లలు తగ్గినారు గనుక గురువును తీయుట, గురువు లేడు గనుక పిల్లలు తగ్గుట, ఈ రెంటిలో మొదటిదానిని ఆపినగాని రెండవది ఆగదు. మూతపడక తప్పని చోట హాజరుపట్టీలను, ప్రవేశపు పుస్తకాలను భద్రపరుపవలెను. భవనం అంగన్వాడీకో, పఠన మందిరానికో ఇచ్చి తలుపు తెరచియుంచవలెను. తెరచియున్న తలుపు ఉన్నచో పిల్లలు పెరిగిననాడు బడి తిరిగి వచ్చుటకు చోటుండును. గడ్డి పేర్చిన వసారాలోనికి బడి తిరిగి రాదు.

ఇప్పుడు కాంప్‌బెల్ చెప్పిన పన్నెండు అను సంఖ్యను జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆనాడు బడికి సగటున పన్నెండుగురు. నేటి కొలతతో కొలిచినచో ఆ 533 బడులలో నిలువదగినవి ఎన్ని? పన్నెండుగురు పిల్లలు చాలరని ఆనాటి ఊరు తలచలేదు. పంతులు ఒక్కడైనను, ఇసుక తప్ప పలక లేకున్నను, పన్నెండుగురి కోసం అరుగు ఊడ్చి ఇచ్చినది. పల్లెకు పదిమంది పిల్లలు మిగిలినపుడు ఆ పదిమందిని లెక్కింపదగినవారుగా చూడగలమా లేదా అనునదే నేడు మన ముందున్న ప్రశ్న.

రేపు ఉదయం మా పిల్లలు మరల బస్సు ఎక్కుదురు. దానిని మేము మాన్పజాలము. మాన్పెదమని పలికినచో అది అబద్ధమగును. కాని మాకు ఓనమాలు నేర్పిన బడి తాళం తీయించి, ఆ వసారా ఊడ్పించి, సాయంకాలం పిల్లలు వచ్చి చదువుకొనుటకు పుస్తకాలు పెట్టుదమని ఆ ఊరి పెద్దలకు లేఖ వ్రాసినాము. ఊరిలో ఇంకను పిల్లలు ఏడుగురున్నారని వారు బదులు వ్రాసినారు. మీలో ఎందరో ఇటువంటి బడి నుండి వచ్చినవారే అయియుందురు. మీ ఊరి బడి తెరచియున్నదో లేదో, అందు నేడు ఎందరున్నారో ఒకసారి విచారింపుడు.